ఫోన్ చేసినందుకు బిల్లు

మా కాలేజీలో అకౌంటింగ్ చెప్పే మేడమ్‌ని పిల్లలు వాటాలమ్మ అంటారు. ఏ ఖర్చు మాట వచ్చినా "ఇందులో ఎవరి వాటా ఎంత?" అని అడగందే ఆవిడ ముందుకు కదలరు. ఆ పేరు సంగతి ఆవిడకీ తెలుసు. "మా నాన్న పెట్టిన పేరు కన్నా ఇదే నాకు బాగా నప్పింది" అంటారు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆవిడది. అందుకే ఈ సంగతంతా నాకు ఎప్పటికప్పుడు తెలుస్తూ వచ్చింది.

పాఠాలు చెప్పడానికి రాకముందు ఆవిడ కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కంప్యూటర్ చెడిందని ఎవరైనా ఫోన్ చేస్తే, బాగుచేయించిన ఖర్చు ఆ ఫోన్ చేసిన విభాగం ఖాతాలో పడేది. ఆ ఖర్చు రాసే పని ఈవిడదే. కొన్నాళ్ళకి ఫోన్లు తగ్గిపోయాయి. "చూశావా, కంప్యూటర్లు ఎంత బుద్ధిగా నడుస్తున్నాయో!" అని మేనేజరు చంకలు గుద్దుకున్నాడు. ఈవిడకి నమ్మకం కుదరలేదు. భోజనాల వేళ గదులన్నీ తిరిగి చూస్తే సగం కంప్యూటర్లు మూలుగుతున్నాయి. ఎవరూ నోరు మెదపడం లేదు, అంతే.

ఆ చూసిందే ఆవిడ చేత ఉద్యోగం మాన్పించి పరిశోధనలోకి దించింది. "ఇది అటు అకౌంటింగూ కాదు, ఇటు కంప్యూటర్లూ కాదు. ఎటూ కాకుండా పోతావమ్మా" అన్నారట గైడు. "రెండింటి మధ్య గోడ మీద కూర్చుంటాను సార్, రెండువైపులా కనిపిస్తుంది" అన్నారట ఈవిడ. ఖర్చు ఎవరి నెత్తిన వేస్తామన్నదాన్ని బట్టే మనుషులు ఏది చెబుతారో ఏది దాస్తారో తేలుతుందని, కంప్యూటర్ల భద్రతకి ఈ లెక్క కూడా తాళమంత అవసరమని ఆవిడ వాదన.

ఒకసారి ఊళ్ళోని పెద్ద ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఎవరో దొంగ మెయిలు ఒకటి తెరిచారు. దాంతో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయి, రక్తపరీక్షల ఫలితాలు కూడా చేత్తో రాసివ్వాల్సి వచ్చింది.

"నష్టంలో ఏ విభాగానికి ఎంత వెయ్యాలో మీరు తేల్చిపెట్టండి మేడమ్" అన్నారు పెద్ద డాక్టరు. "ఆ మెయిలు తెరిచిన మనిషి దొరికితే మిగతాది నేను చూసుకుంటా."

ఈవిడ కాగితాలు ముందేసుకుని కూర్చోలేదు. తిన్నగా ఎక్స్‌రే గదికి వెళ్ళి, అక్కడ పనిచేసే అమ్మాయిని పలకరించారు.

"స్క్రీన్ మీద ఏదైనా తేడాగా కనిపిస్తే ఏం చేస్తావమ్మా?"

"ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తానండీ."

"కంప్యూటర్ సెక్షన్‌కి ఫోన్ చెయ్యవా?"

"అమ్మో! చేస్తే బిల్లు మా డిపార్ట్‌మెంట్ మీద పడుద్ది. మా సారు నా మీద పడతారు."

కుర్చీల కంపెనీ పద్ధతే ఇక్కడా ఉందన్నమాట. ఆ సాయంత్రమే ఆవిడ పెద్ద డాక్టరుతో, ఫోన్ చేసినందుకు బిల్లు వెయ్యడం ముందు మానెయ్యమన్నారు. పక్కనే ఉన్న కంప్యూటర్ సెక్షన్ పెద్దాయన ఇంతెత్తున లేచాడు.

"ఊరికే వస్తానంటే మౌస్ కదలకపోయినా నన్నే పిలుస్తారు! తప్పంతా వీళ్ళ అజాగ్రత్తదండీ. కావాలంటే రుజువు చేస్తా."

రుజువు అన్నట్టుగానే చేశాడు. ఎవరికీ చెప్పకుండా ఒక ఉత్తుత్తి దొంగ మెయిలు తయారుచేసి ఆస్పత్రిలో అందరికీ పంపాడు. 'కొత్త జీతాల పట్టిక, వెంటనే చూడండి' అని దాని సారాంశం. పని కోసం ఈవిడకి కూడా అక్కడొక మెయిలు అకౌంటు ఇచ్చారు కాబట్టి ఈవిడకీ వచ్చింది. ఏదో ధ్యాసలో ఉండి నొక్కేశారు. ఖాళీ పేజీ తెరుచుకుంది. అప్పుడు గాని తట్టలేదు, ఆ ఆస్పత్రిలో తనకి జీతమే లేదని!

చెవులు వేడెక్కిపోయాయని తర్వాత నాతో చెప్పారు. ఇన్నేళ్ళుగా ఈ మోసాల గురించే రాస్తున్న మనిషి. అయినా చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది. "నేనొక పిచ్చి మెయిలు నొక్కానండీ, వచ్చి చూడండి" అని కంప్యూటర్ సెక్షన్‌కి చెప్పేశారు.

ఇంటికి వెళ్తూ దారిలో భర్త కళ్ళజోళ్ళ షాపులో ఆగి జరిగింది చెబితే, ఆయన అద్దం తుడుస్తూ నవ్వాడట. "ఇది మాత్రం మీ కాలేజీ పిల్లలకి తెలియనివ్వకు. పరువు పోతుంది."

"రేపు ఆస్పత్రి మీటింగులో నేనే చెప్తానండీ. కంప్యూటర్ సెక్షన్‌వాళ్ళు చెప్పేదాకా ఎందుకు ఆగడం?"

కానీ మర్నాడు కంప్యూటర్ సెక్షన్ పెద్దాయనే ముందు అందుకున్నాడు. "సగం మంది నొక్కారు సార్. అందులో మన మేడమ్ గారు కూడా ఉన్నారు!" విభాగాల పెద్దలంతా గొల్లుమన్నారు.

వాటాలమ్మ కూడా నవ్వారు. నవ్వు సద్దుమణిగాక అడిగారు. "నొక్కినవాళ్ళలో మీకు ఫోన్ చేసి చెప్పినవాళ్ళెందరు?"

ఆయన తడబడ్డాడు. "ఒక్కరే."

"ఎవరండీ?"

"మీరే."

"నాకేదో ధైర్యం ఎక్కువని కాదండీ" అన్నారు ఈవిడ. "నాకు ఇక్కడ డిపార్ట్‌మెంటు లేదు. నేను ఫోన్ చేస్తే బిల్లు ఎవరి మీదా పడదు. ఈ గదిలో నిజం ఊరికే చెప్పగలిగింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు నిజం చెప్పినందుకు డబ్బు కట్టాలి."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, చెప్పొద్దని వాళ్ళకి మేమే నేర్పామంటారు."

"అంతే సార్."

మందుల విభాగం పెద్ద మాత్రం మెలిక పెట్టాడు. "మేమెప్పుడూ వాళ్ళని పిలవం. పిలిచేవాళ్ళ ఖర్చు మేమెందుకు మొయ్యాలి?"

"రాత్రి వాచ్‌మన్ జీతం దొంగ పడ్డ గదివాళ్ళ దగ్గరే వసూలు చేస్తారా? ఎన్ని కంప్యూటర్లుంటే అంత వాటా. పిలిచినా అంతే, పిలవకపోయినా అంతే" అన్నారు ఈవిడ.

అదే ఖాయమైంది. హుషారెక్కిన పెద్ద డాక్టరు ఎక్కువ ఫోన్లు చేసినవాళ్ళకి బహుమతి కూడా ఇద్దామన్నారు. "వద్దు సార్. వాళ్ళే దొంగ మెయిళ్ళు రాసుకుని మరీ ఫోన్ చేస్తారు. భయం తీసేశాం, అది చాలు" అని ఈవిడ ఆపారు. నష్టం వాటాలు కూడా ఆ లెక్కనే పంచారు. తెరిచిన మనిషిని వెతకడం మానేశారు.

మొదట్లో కంప్యూటర్ సెక్షన్ పెద్దాయనకి ఊపిరాడలేదు. నిజంగానే మౌస్ కదలకపోయినా పిలిచారు. తిట్టుకుంటూనే తిరిగాడు. ఆ వేసవిలో ఒక ఉదయం రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, నేనేదో నొక్కేశాను, తిట్టకండి" అంది. ఈసారి అది నిజం దొంగ మెయిలే. ఆయన పరుగున వెళ్ళి ఆ ఒక్క కంప్యూటర్ తీగ లాగేశాడు. మిగతావాటికి ఏమీ కాలేదు.

ఆ కబురు చెప్పడానికి ఆయన స్వయంగా మా స్టాఫ్ రూముకి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "మేడమ్, ఆ అమ్మాయి తిట్టకండి అందండీ. నేనంత చెడ్డగా కనిపిస్తానా?" అన్నాడు.

"ఇదివరకు కనిపించేవారు" అన్నారు వాటాలమ్మ, ఆయనకి టీ పోస్తూ. ఆయన పకపకా నవ్వాడు. తర్వాత ఇద్దరూ కలిసి దీని మీద వ్యాసం రాయడానికి కూర్చున్నారు. ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఇంకా తెగలేదు.