అతుకు దగ్గర మిగిలిన మనిషి

పెర్కిట్‌లో హైవే పక్కనున్న యమున దుకాణానికి పెళ్లి వీడియోల బోర్డే ఉంది గానీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేది వీడియోలో బొమ్మ చెడినప్పుడు. పెళ్లికూతురి చెంప మీద ఆకుపచ్చ మచ్చ పడిందంటే, అదెక్కడ పుట్టిందో తేలేదాకా ఆమె అన్నం ముట్టదు. అంకాపూర్ పెళ్లి ఒకదాంట్లో సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంటే మూడు రోజులు కూర్చుని పట్టుకుంది. అన్ని గింజలు ఒక్కసారిగా ఎగిరితే అవన్నీ రాసుకోవడానికి వీడియోలో చోటు చాలలేదు, అంతే సంగతి. తప్పు దొరికిన రోజున ఆమె ముఖం చూడాలి, పండగే.

అలాంటి మనిషి ఒక్క వీడియో చూడకుండా పంపింది. ఆమె మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు, తగ్గిందని అబద్ధం చెప్పను.

పసుపు సీజను. వ్యాపారి ముత్తెన్న గోదాంలో లచ్చన్న అనే రైతు తన పసుపు కుప్ప పక్కనే తల పగిలి పడి ఉన్నాడు. ఆ గోదాం కెమెరాల పని చూసేది యమునే కాబట్టి ముత్తెన్న ఆమెకు ఫోన్ చేశాడు. కెమెరా రికార్డులోంచి రెండు ముక్కలు కావాలన్నాడు. మూడు గంటలప్పుడు హమాలి గంగాదాస్ చెప్పులతో కుప్ప ఎక్కాడని లచ్చన్న తిట్టడం, ఇద్దరూ తోసుకోవడం మొదటిది. అది ముత్తెన్న కళ్లారా చూశాడు. పావుగంట తర్వాత అదే చోట దెబ్బ పడింది, అది ఎవరూ చూడలేదు, అది రెండోది. అతికించి పది నిమిషాల్లో పంపమన్నాడు. దుకాణంలో పెళ్లివారు ఆల్బం కోసం కూర్చుని ఉన్నారు. యమున బొమ్మ చూడకుండా, వీడియో మీది గడియారం మాత్రం చూసి రెండు ముక్కలు కోసింది, అతికించింది, పంపింది, మళ్లీ ఆల్బంలోకి తలదూర్చింది.

నాలుగున్నరకు ఎదురుగా ఆటో స్టాండు దగ్గర అరుపులు మొదలయ్యాయి. చాయ్ తాగుతున్న గంగాదాస్‌ను పదిమంది మెడ పట్టి రోడ్డు మీదికి ఈడ్చారు. పెళ్లివారు తలుపు దగ్గరికి పరుగెత్తారు. వాళ్లలో ఒకాయన ఫోన్ చూపించి, లచ్చన్నను కొట్టింది వీడేనట, వీడియో ఉందట అన్నాడు. యమున తీసుకుని చూసింది. గంగాదాస్ కర్ర ఎత్తాడు, లచ్చన్న నెత్తిన కొట్టాడు. ముత్తెన్న ఫోన్ నుంచి పాకి ఊరంతా అదే చూసింది. యమున ఇంకొకటి కూడా చూసింది. చేయి పైకి లేచేటప్పుడు అతని నీలం అంగీ తడిరంగులా సాగింది, కాళ్లు మాత్రం కదల్లేదు.

ఇక్కడే నాకు కడుపు మండేది. ఆమె లేచి పరుగెత్తలేదు. తప్పెక్కడుందో వెతుకుతూ కూర్చుంది.

బయట కర్రలు ఒంటి మీద పడుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. కెమెరా అద్దం మీద పసుపు దుమ్మేమో అనుకుంది. అయితే గోడ కూడా చెడాలి, గోడ బాగానే ఉంది. ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగి నలిగిందేమో, అదే అయితే బాగుండు అనుకుంది. తాను పంపిన అసలు ముక్క తెరిచింది. దాంట్లోనూ సాగుతోంది. గంగాదాస్ కేక ఒకటి వినబడి ఆగిపోయింది. ఆమె అయినా వదల్లేదు. సరిగ్గా అతుకు దగ్గర ఆపింది.

వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. ఒకటి నిండుగా ఉంటుంది, తర్వాతవన్నీ ఎక్కడ ఏం కదిలిందో చెబుతాయి, అంతే. గడియారం చూసి కోసినప్పుడు రెండో ముక్క మొదట్లో ఉండాల్సిన ఆ నిండు బొమ్మ పోయింది. మిగిలిన కదలికలన్నీ మొదటి ముక్క చివర నిలబడ్డ గంగాదాస్‌ను పట్టుకుని కదిలించాయి. చేయి ఎత్తింది ఇంకెవడో, ఎత్తినట్టు కనబడింది ఇతను. కోసింది తాను.

గోదాంలోని అసలు రికార్డు తెరిచింది. కర్ర పట్టుకుంది లచ్చన్న సొంత తమ్ముడు భూమేష్. తలెత్తి దుకాణం అద్దంలోంచి బయటికి చూస్తే, అదే భూమేష్ గంగాదాస్ ఛాతీ మీద మోకాలు పెట్టి, కుడి చేతిని బండకు ఆనించి ఇటుకతో కొడుతున్నాడు. అన్న పగ తీర్చుకుంటున్నాడని జనం చోటిచ్చి నిలబడ్డారు.

యమున ల్యాప్‌టాప్ పట్టుకుని ఉరికింది. మందిని తోసుకుంటూ వెళ్లి గంగాదాస్ మీద పడింది.

"గీయన కొట్టలే. వీడియో తప్పువడ్డది. తప్పు నాది. గీన్ని పట్టుండ్రి, కొట్టింది భూమేషే."

ఎవరూ తెర వైపు చూడలేదు. అమ్ముడుపోయిందన్నాడొకడు. ఇంకొకడు జుట్టు పట్టి లాగాడు. భూమేష్ ఇటుక ల్యాప్‌టాప్‌ను రెండు చెక్కలు చేసింది, రెండో దెబ్బకి ఆమె భుజం ఎముక విరిగింది. పోలీసు జీపు రాకపోతే ఇద్దరి శవాలూ అక్కడే లేచేవి. గోదాం రికార్డు చూసి భూమేష్‌ను తీసుకుపోయారు. ఇంకో రెండు రోజులకు లచ్చన్న కళ్లు తెరిచి, తమ్ముడి పేరే చెప్పాడు.

ఇరవై రోజుల తర్వాత, కట్టుతోనే, యమున నిజామాబాద్ దవాఖానకు వెళ్లింది. గంగాదాస్ కుడి చేతికి మూడు వేళ్లు లేవు. ఒక కన్ను మూసుకుపోయింది. భార్య నీలవ్వ కుర్చీ జరిపి పక్కకు తప్పుకుంది. తలకు తగిలిన దెబ్బలతో ఆయనకు ఆ రోజు మొత్తం చెరిగిపోయిందని డాక్టర్లు ముందే చెప్పారు.

గంగాదాస్ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని ఆ వీడియోనే చూస్తున్నాడు.

"చెల్లె, గీ వీడియో నువ్వే చేసినవంట గదా, జర నిజం చెప్పు. నాకు గా దినం ఒక్కటి యాదికొస్తలేదు. గిండ్ల అంగి నాదే, మొఖం నాదే. నేనే కొట్టిన్నా?"

"లేదన్నా. నువ్వు కొట్టలే."

యమున తన ఫోన్‌లోని అసలు వీడియో పెట్టి ఆయన ముందుంచింది. కర్ర ఎత్తిన భూమేష్ ముఖం గీత చెదరకుండా కనబడుతోంది. ఆయన ఒంటి కన్నుతో చివరిదాకా చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారీ చూశాడు.

"గిది గూడ నువ్వే తెచ్చినవ్ గదా చెల్లె," అన్నాడు.