వంద కిలోమీటర్ల తర్వాత బిగించాల్సిన నట్లు

బుధవారం పొద్దున్నే మా వెనక వీధి అత్త ఫోన్ చేసింది. "మీ మావ పోనాడమ్మా. నిద్దట్లోనే పోనాడు" అంది. ఆయన బళ్ళు బాగుచేసే మిస్త్రీ. చుట్టరికం ఏమీ లేదు, మా ఉక్కు ఊళ్ళోని బారిడీహ్ పేటలో మా తెలుగువాళ్ళందరికీ మావే. ఏడవాల్సిన చోట నాకు భయం వేసింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. మా వాన్ కింద మళ్ళీ బిగించాల్సిన నట్లు.

మా ఆయన ఒక పాత స్కూల్ వాన్ కొని, లోపల మంచం, వంటగట్టు, అరలు పెట్టించి సెలవులకి తిరిగే ఇల్లుగా చేశాడు. ఉక్కు ఊళ్ళో పుట్టినవాడు కదా, చెక్క మీద నమ్మకం లేదు. అన్నీ ఇనుప యాంగిళ్ళు, మందపాటి రేకులు. నడిపేది మాత్రం నేను. ఆయనకి లైసెన్స్ లేదు, పక్కన కూర్చుని సలహాలిస్తాడు.

మొన్న వేసవిలో రాంచీ నుంచి వస్తూ ఘాట్ దిగుతున్నాం. మలుపు తిరిగాక కూడా వాన్ ఊగుతూనే ఉంది. పక్కనే ఉక్కు చుట్టలు మోస్తున్న ట్రైలర్. వెనక మంచం మీంచి మా అమ్మాయి "మమ్మీ, గాడీ రోకో!" అని ఒకటే కేకలు. ఆపడానికి చోటు లేదు. ఎలా దిగామో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత తాళం చేతిలోకి తీసుకుంటే చాలు, అరచేతులకి చెమట పట్టేది.

మావ వచ్చి బంపర్ మీద బరువంతా వేసి నొక్కి వదిలాడు. ఒక్కసారి లేచి నిలవాల్సిన వాన్ నాలుగుసార్లు లేచి పడింది. "షాకర్లు సచ్చిపోనాయి" అన్నాడు. లోపలికి తొంగిచూసి మా ఆయన్ని పట్టుకున్నాడు. "ఇదేటి బాబూ, బండా, బంకరా? ఇనుం దొరికింది కదా అని కట్టీసినావా? ముందు ఈ మంచం పీకీ. అప్పుడు కొత్తయి ఏత్తాను."

మంచం ప్లైవుడ్‌కి మారింది. మా ఆయన వారం రోజులు అలిగాడు. తర్వాత మావ పాతవాటికన్నా గట్టి రకం షాక్ అబ్జార్బర్లు నాలుగూ తెచ్చి వేశాడు. విప్పిన నట్లు తన టిఫిన్ డబ్బాలోనే వేసుకునేవాడు. అత్త తెలియక అందులోనే పప్పన్నం పెట్టిన కథ చెప్పి తనే నవ్వేవాడు. జాకీ మీద వేలాడే బండికి చివరి బిగింపు ఎప్పుడూ వేయడు. "తన బరువు మీద బండి నిలబడితేనే షాకర్ల చివర రబ్బరు సరిగ్గా కూకుంతాది" అని కిందికి దింపి, తను దాని కింద దూరేవాడు.

మీకు భయం వేయదా అని అడిగాను. "ఎందుకెయ్యదు? దూరినప్పుడల్లా గుండె దడే. ముప్పయ్యేళ్ళ నుంచీ అంతే" అన్నాడు. "వంద కిలోమీటర్లు తిరిగినాక మళ్ళీ బిగించాల. అప్పుడు నువ్వే దూరతావు. నాను పక్కన కూకుంతాను. కింద ఏటుందో సూసినోళ్ళకి పైన కూకుంటే సగం బయం పోద్ది."

ఊళ్ళోనే తిరిగి తిరిగి వంద ఎప్పుడో దాటించాను. ఆయన రెండుసార్లు కబురు పెట్టాడు. పని ఉందని రెండుసార్లూ అబద్ధం చెప్పాను. కింద దూరడానికి భయం, అంతే.

పెద్దకార్యం అయిన మర్నాడు వాన్ తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు ఆపాను. ఎందుకొచ్చానో చెప్పేలోపే అత్తే లోపల్నుంచి స్పానర్ తెచ్చి చేతిలో పెట్టింది. "నీ కోసమే తీసి ఉంచినాడు" అంది. నేను నేల మీద పడుకుంటుంటే మళ్ళీ అంది, "ఖాళీ బండికి బిగిస్తావేటి? ఇంటికాడ పనికి బరువు కోసం నన్నే ఎక్కించీవోడు."

నేను కింద దూరాక ఆవిడ ఎక్కింది. వాన్ నా ముఖం మీదికి వేలెడు దిగింది.

"బయంగా ఉందా, అమ్మా?"

"ఉందత్తా."

"ఉండనీ. బిగించు."

మొదటి నట్టు బిగించాను. రెండోదానికి జరిగేసరికి పైన అత్త ఏడుపు మొదలైంది. వెక్కిళ్ళకి వాన్ సన్నగా కదులుతోంది, కదిలిన ప్రతిసారీ వెంటనే నిలిచిపోతోంది.