సృజన అడగని కొలత

గేటు కాడ నిలబడి సృజనను ఆడిపోసుకునేటోళ్లకు నా నోటి సంగతి తెలుసు. నేను సౌభాగ్యమ్మను, బొల్లారంల ఒక మందుల ఫ్యాక్టరీ గేటు మీద సెక్యూరిటీ. ఆ పిల్ల మీద ఎవరు నోరు జారినా ఊకోను. ముందు ఏం జరిగిందో వినుండ్రి, తర్వాత మాట్లాడుండ్రి.

వాళ్లది జోగిపేట దిక్కు పల్లె. తండ్రి యాదన్న మా ఫ్యాక్టరీలనే రసాయనాలు కలిపే రియాక్టర్ బ్లాకుల హెల్పర్. తల్లి మొగులమ్మ గుండె జబ్బు మనిషి. పటాన్‌చెరుల కిరాయింట్ల ఉంటరు. సృజన సంగారెడ్డిల డిగ్రీ చేసి, ఫోన్‌ల వీడియోలు చూసుకుంట వెబ్‌సైట్ల పని నేర్చుకుంది. మా ఆఫీసుల కంప్యూటర్ సెక్షన్‌ల పెట్టుకున్నరు. "చిన్నమ్మా, చాయ్ తాగినవా?" అని అడగకుంట నా గేటు దాటకపోయేది. గసొంటి పిల్ల.

మా కాడ బ్లాకులకు ఫోన్ తీస్కపోవద్దు. లోపలంత సాల్వెంట్లు, నిప్పురవ్వ పడితే ఇగ అంతే. షిఫ్టుకు వచ్చినోళ్లంత ఫోన్లు నా డబ్బాల వేసి పోవాలె. ఇంటి కాడ ఎవరికన్నా బాగలేకుంటే గేటుకు ఫోన్ వస్తది. ఇదివరకు నేను ఇంటర్‌కామ్‌ల చెప్తే లోపల ఎవరో ఒకరు అరిచి పిలిచేటోళ్లు. సగం సార్లు మోటార్ల చప్పుడుల ఎవరికీ వినపడకపోయేది.

తల్లి రోగం యాది పెట్టుకుని సృజననే కొత్త ఏర్పాటు చేసింది. నేను గేటు కాడ కంప్యూటర్‌ల పేరు కొడితే, బ్లాకుల గోడ మీద పెద్ద తెరల పడాలె. ఆ తెర అద్దాల పెట్టెల ఉంటది. మౌస్ లేదు, కీబోర్డు లేదు. ఎంత కనపడితే అంతే, కిందికి జరిపేది ఉండది. అందుకే తెర ఎంతుందో అన్ని వరుసలే పెట్టాలెనని ఆ పిల్ల పట్టుదల.

"పేజీలు పంపే సర్వర్‌కు కండ్లు లేవు చిన్నమ్మా" అని ఒకనాడు నాకు సమజ్ చేసింది. "ఎదుట చిన్న ఫోనుందో పెద్ద టీవీ ఉందో దానికి తెలువది. పేజీ ఒకసారి పోయినంక, తెర కాడి బ్రౌజరే కొలత తీసి వెనుకకు పంపాలె. అప్పుడు సర్వర్ ఆ కొలతకు తగ్గట్టు పేజీ తయారుచేస్తది." లోపల నెట్టు నత్త నడక. ప్రతిసారి కొలత అడిగితే తెర మిణుకు మిణుకుమంటున్నదని బ్లాకోళ్లు గునిసిన్రు. పాపం, వాళ్ల కండ్లు నొస్తున్నయని ఒక్కసారే కొలత అడిగి, దాన్నే దాచిపెట్టుకునేటట్టు చేసింది. టైలర్ కాడ ఉన్న పాత కొలతలతోని జాకెట్ కుట్టించుకుంటం సూడు, గట్లనే.

మస్తుగ నడిచింది. "ఇగ ఇంటర్‌కామ్ ఎందుకు?" అని పెద్దసార్లు అది పీకేసిన్రు. నేను వద్దు సార్ అన్న. సెక్యూరిటీ మాట ఎవరు వింటరు?

ఎండాకాలం పోంగ ఆ పెద్ద తెర కాలిపోయింది. మెయింటెనెన్స్ శివశంకర్ స్టోరుల పడి ఉన్న చిన్న తెర తెచ్చి, తెర వెనుక ఉన్న అదే కంప్యూటర్‌కు తగిలించిండు. పేర్లు వస్తున్నయా? వస్తున్నయి. అయిపాయె, చేతులు దులుపుకుని పోయిండు. సృజనకు ఒక్క మాట చెప్పినోడు లేడు. సర్వర్ మాత్రం ఇంకా పెద్ద తెరనే ఉన్నదనుకుని, అన్నే వరుసలు పంపుతుండె. కింద వరుసలు తెర అంచు కిందికి పోయినయి. రోజూ వచ్చేయి రెండు మూడు పేర్లే, అవి పైననే ఉంటయి. ఎవరికి అనుమానమొస్తది?

ఆ దినం కుండపోత వాన. ఆటోలు బంద్. పొద్దున్నుంచే గేటు ఫోన్ ఆగలే. "మా ఆయనను కంపెనీ బస్సుల్నే రమ్మను" అని ఒకామె, "పిల్లను బడి నుంచి తెచ్చిననని చెప్పు" అని ఇంకొకామె. అట్లాంటి కబుర్లు షిఫ్టు విడిచేదాక తెర మీదనే ఉంటయి. అప్పుడు సృజన ఫోన్ వచ్చింది. ఆ దినం సెలవు పెట్టి తల్లి కాడనే ఉండె.

"చిన్నమ్మా, అమ్మను దవాఖానాకు తెచ్చిన. నాయినను జల్దీ పంపు."

వెంటనే కొట్టిన. గేటు కాడి తెర పెద్దదాయె, యాదన్న పేరు అందరి కింద సక్కగ కనపడ్డది. "పెట్టిన బిడ్డా, వస్తడు" అన్న. మళ్ల చేసింది. మళ్ల అదే చెప్పిన. నేను బ్లాకులకు ఉరుకుదామంటే గేటు విడిచిపెట్టొద్దన్నడు సూపర్‌వైజర్. వాని నోట్ల మన్నువడ!

యాదన్న షిఫ్టు విడిచినంకనే బయటికొచ్చిండు, టిఫిన్ డబ్బా ఊపుకుంట. అప్పటికి మొగులమ్మ పోయింది.

దినాలయినంక సృజన డ్యూటీకి వచ్చి, సీదా బ్లాకులకు పోయింది. ఆ చిన్న తెర చూసి ఆడనే కూలబడ్డదట. బయటికొచ్చి నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. "ఇంకొక్కసారి కొలత అడిగితే ఏం పోతుండె చిన్నమ్మా? మిణుకుమంటే మిణుకుమననీ." పక్కన కూసోబెట్టుకుని నీళ్లు తాపిన.

"తెర సరిగ్గ చూడకపోతినని నాయిన లోపల కుములుతున్నడేమో. ఆయనకు నిజం చెప్పాలె" అన్నది. ఒక్కతే పోలేనంటే నేను తోడు పోయిన.

యాదన్న మంచం మీద కూసున్నడు. సృజన కింద కూసుని అంత చెప్పింది. ఆయన కోపానికి రాలే. నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

"నేను చూసిన బిడ్డా. పొద్దుగాల మీ అమ్మ ఆయాసపడుతుండె గద, నా పాణమంత ఆడనే. అటు పోయినప్పుడల్ల తెర చూసిన. నా పేరు లేదు. హమ్మయ్య, నిమ్మళంగ ఉన్నదనుకున్న. సంబురంగ కూడ తిన్న." మళ్ల ఆయననే అడిగిండు, "మీ అమ్మ నన్ను అడిగిందా?"

సృజన నా మొఖం చూసింది. "లేదు నాయినా. నిద్రలనే పోయింది."

"అడగనే లేదా?" అన్నడు యాదన్న. ఆయన మొఖం ఎట్లయిందో నేను చెప్పలేను.

పిల్ల తట్టుకోలేకపోయింది. "అడిగింది నాయినా. పోయేదాక నిన్నే అడిగింది. తెర మీద పేరు పెట్టిన్రు, నాయిన చూసిండు, వస్తున్నడని నేనే చెప్పిన. తలుపు దిక్కే చూసుకుంట పోయింది."

యాదన్న రెండు చేతులతోని నెత్తి కొట్టుకున్నడు. "నువ్వు తలుపు చూస్తుంటివా మొగులూ? నేను తెర చూస్తుంటినే."