బాలప్ప విజిల్ మీది రెండో మాట

ఎంకపల్లి ఎజ్రాను ఎవరైనా "ఎట్లున్నవన్నా?" అని అడిగితే "ఉన్న" అంటాడు. ఆగస్టులో భార్య విమలమ్మ పోయినప్పటి నుంచి ఆయన జవాబు అదొక్కటే. సమాధి దగ్గర పాస్టరుగారు మట్టి వేయమంటే వేశాడు, చేతులు కడుక్కోమంటే కడుక్కున్నాడు. కంట చుక్క రాలలేదు. ఊరి నోరు ఊరుకుంటుందా? "మనిషా, బండరాయా" అన్నారు. పోనీలెండి, వాళ్లకు మాత్రం వేరే పనేముంది! ఎజ్రాకు ఆ మాట చెవిన పడింది. పడింది గానీ తగలలేదు. అన్నం తిన్నా, తినకపోయినా ఆయనకు ఒకేలా ఉండేది.

చేవెళ్ల చౌరస్తాలోనూ, మొయినాబాద్‌లోనూ ఇరవై ఆరేళ్లు ట్రాఫిక్ హోంగార్డుగా ఎండలో నిలబడ్డ మనిషి. ఉద్యోగం అయిపోయింది గానీ విజిల్ మాత్రం వదల్లేదు. పాత పోలీసు విజిళ్లు జమచేసే పిచ్చి పట్టుకుంది. పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో, తూకానికి పడేసిన ఇత్తడి కుప్పల్లో చేయిపెట్టి వెతికి వెతికి నలభై మూడు పోగుచేశాడు. "నయమే, లారీలు జమచేస్తలేడు" అనేది విమలమ్మ.

నవ్వులాటకు అన్నా, ఆ పనిలో ఎజ్రా గట్టివాడు. కొత్త ఇత్తడి మీద పాత సంవత్సరం గుద్ది అమ్మే మాయగాళ్లు ఈ రోజుల్లో కొల్లలు. ఎజ్రా దగ్గర వాళ్ల పప్పులు ఉడకవు. ఏ విజిల్ వచ్చినా దాని మీద పల్చటి కాగితం చుట్టి, పిల్లలు రూపాయి బిళ్ల మీద రుద్దినట్టు పెన్సిల్‌తో మెల్లగా రుద్దుతాడు. కంటికి ఆనని అక్షరాలు కూడా కాగితం మీదికి వస్తాయి. ఎక్కడ తయారైందో, ఏ సర్కారు కొన్నదో, ఏ నంబరు మనిషి మెడలో వేలాడిందో అప్పుడు చెబుతాడు. కాగితం రుద్దనిదే నోరు విప్పడు, కాగితం లేనిదే విజిల్‌ను డబ్బాలో వెయ్యడు. చుట్టుపక్కల మండలాల్లో ఆయన మాటకు విలువ వచ్చింది అందుకే.

ఆగస్టు తర్వాత ఆ డబ్బా మూత తియ్యలేదు.

నవంబరులో ఒక పొద్దున పక్క మండలంలోని ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి సాయమ్మ అనే ముసలామె వచ్చింది. మనవరాలు అరుణశ్రీ స్కూటీ మీద తీసుకొచ్చింది. సాయమ్మకు ఎనభై రెండో, మూడో. కొంగు ముడి విప్పి ఒక విజిల్ తీసి ఎజ్రా చేతిలో పెట్టింది. ఏటా దసరాకు చింతపండు పెట్టి తోమేదట. డెబ్బై ఏళ్లు తోమితే ఇంకేం మిగులుతుంది? బంగారంలా మెరుస్తోంది, అక్షరాలు మాత్రం అరిగి నున్నగా అయ్యాయి.

"మా నాయిన బాలప్పది బిడ్డా" అన్నది సాయమ్మ. "పోలీస్ యాక్షన్ అయినంక ఊరోళ్లు ఇది మా ఇంట్ల చూసిన్రు. పోలీసోళ్ల నాకా చౌకీల దొంగతనం జేసినవని చావడికాడ కట్టేసి కొట్టిన్రు. సర్కారే నా చేతికిచ్చిందన్నడు నాయిన. ఒక్కడు నమ్మలే. దెబ్బలు తిన్నడు గని ఇది మాత్రం ఇయ్యలే. గప్పటి సంది నేను దొంగ బాలప్ప బిడ్డను. లగ్గమైనా గదే పేరు, ముసల్దాన్నైనా గా పేరు నా చెవులల్లకెల్లి పోలే. నాయిన దొంగనా, కాదా? నేను పోకముందు గదొక్కటి తెల్వాలె."

ఎజ్రా విజిల్‌ను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. ఉర్దూలో ఒక మాట సగం ఆనింది. ఆయనకు ఉర్దూ రాదు గానీ, అలాంటివి ఎన్నో చూశాడు కాబట్టి 'పోలీస్' అన్న మాట ఆకారం తెలుసు. పక్కన నంబరు ఉంది. దాని కింద ఇంకేదో గీతలా ఉంది. కాగితం, పెన్సిల్ లోపలి గదిలో ఉన్నాయి. లేవాలి. లేవబుద్ధి కాలేదు.

"పోలీసోళ్లదే అవ్వా" అన్నాడు. "సర్కారు నంబరున్నది. మామూలు మనిషికి ఇచ్చేది గాదు."

"అంటే?"

"అంటే... తీసుకున్నట్టే."

సాయమ్మ ఏడవలేదు, వాదించలేదు. "అయితే ఊకెనే కొట్టలేదన్నట్టు" అని లేచింది. విజిల్ తీసుకోమంటే, "దొంగ సొమ్ము నాకెందుకు, నీ డబ్బల ఏస్కో" అని మనవరాలి భుజం పట్టుకుని వెళ్లిపోయింది. ఎజ్రా కుర్చీలోంచి కదల్లేదు. పాపం అని కూడా అనిపించలేదు.

మూడు రోజులు ఆ విజిల్ టీవీ పక్కనే పడుంది. నాలుగో రోజు కోడలు కృపాజ్యోతి ఇల్లు ఊడుస్తూ, "మామా, ఇది డబ్బల ఏస్తున్న" అన్నది.

"కాయిదం లేకుంట ఏస్తరా!" అన్నాడు ఎజ్రా. అన్నాళ్లలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. కోడలు నిలబడిపోయింది. మనసుకు ఏమీ పట్టకపోయినా చేతికి అలవాటు పోలేదు మరి. లేచి వెళ్లి కాగితం తెచ్చాడు, పెన్సిల్ రుద్దాడు. నంబరు వచ్చింది. 'పోలీస్' వచ్చింది. దాని కింద గీత అనుకున్నది గీత కాదు, ఇంకో మాట.

కాగితం జేబులో పెట్టుకుని మొయినాబాద్ బస్సెక్కాడు. అక్కడ గడియారాలు బాగుచేసే ఖాజాకు ఉర్దూ బాగా వచ్చు. ఖాజా కంటికి అద్దం బిగించుకుని కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"దేహీ అని ఉన్నదన్నా. పోలీస్ దేహీ. అంటే పల్లెటూర్లది. నాకా సిపాయిది గాదు ఇది. గడబిడ దినాలల్ల ఊర్లె అప్పటికప్పుడు కావలి పెట్టినోనికి సర్కారు ఇస్తుండె. మా తాత చెప్తుండె. ఎవలిది?"

ఎజ్రా కాగితం మడిచి జేబులో పెట్టుకుని దుకాణం మెట్లు దిగాడు. ఇంటికి పోలేదు, అన్నం మాట గుర్తు లేదు. ఆటో పట్టుకుని నేరుగా ప్రొద్దుటూరు పోయాడు.

వాకిట్లోనే అరుణశ్రీ ఎదురొచ్చింది. మొహం మాడ్చుకుని ఉంది. "ఏం జెప్పిన్రు సార్ మా అవ్వకు? నాలుగు దినాల సంది సక్కగ తింటలేదు. కిరాణం దుకాణంకాడ నిలవడి, మా నాయిన దొంగనే అని వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చెప్పుకుంటున్నది."

సాయమ్మ అరుగు మీద కొత్తిమీర కట్టలు కడుతోంది. తలెత్తలేదు. ఎజ్రా చెప్పులు విడిచి ఆమె ముందు నిలబడ్డాడు.

"తప్పు జెప్పిన అవ్వా. మీ నాయిన దొంగ గాదు. ఊరి కావలికారు. సర్కారే ఇచ్చింది. గిదిగో, రాసున్నది" అని కాగితం చూపించాడు.

ఆమె చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. "ఇంకోపారి చెప్పు" అన్నది.

చెప్పాడు.

"గట్టిగ చెప్పు."

చౌరస్తాలో లారీలను ఆపిన గొంతుతో చెప్పాడు. ఎదురింటి వాళ్లు తొంగి చూశారు. సాయమ్మ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "ఎవలకు చెప్తవులే బిడ్డా" అన్నది. "నాయినను దొంగ అన్నోళ్లు ఒక్కరు లేరు. అందరు మన్నుల వోయిన్రు. ఇప్పుడున్నోళ్లకు దొంగ అని చెప్పింది నేనే, మొన్న."

ఎజ్రా కాగితాన్ని అరుగు మీద పెట్టాడు.

"ఒక్క మాటడుగుత" అన్నది సాయమ్మ. "నువ్వు నెమ్మదిగ చూసి చెప్పేటోనివని నలుగురు చెప్తేనే వచ్చిన. నాది ఎందుకు సగమే చూసినవ్?"

ఎవరికీ చెప్పని మాట ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"మా విమలది గూడ సగమే చూసిన అవ్వా. జ్వరమన్నది. ఐదు దినాలు చెప్పింది. గోళీ ఏస్కో అన్న. ఒళ్లు పట్టుకొని చూడలే. కండ్లు పచ్చగైనయట, కోడలు చూసి చెప్పినంక తెలిసింది. ఒకే ఇంట్ల ఉన్న, నేను చూడలే. దవాఖానకు పోయేసరికి అయిపోయింది."

ఈ మూడు నెలల్లో పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు. చుట్టాలు ఆయుష్షు అంతే అన్నారు. నీ తప్పేం లేదన్నా అని మగవాళ్లు భుజం తట్టారు. సాయమ్మ ఆ మాటలేవీ అనలేదు.

"చూడాల్సి ఉండె బిడ్డా" అన్నది.

ఎజ్రా ఆ అరుగు మీదే కూలబడి, పరాయి ఊళ్లో, పరాయి వాకిట్లో, నలుగురు చూస్తుండగా గొంతెత్తి ఏడ్చాడు. సాయమ్మ ఊరుకోమని చెప్పలేదు. ఆయన సరిగ్గా కూర్చోవడానికి చోటు చాలడం లేదని కొత్తిమీర గంప పక్కకు జరిపింది.