రేషన్ కార్డు చూసి రాసిన ఆట

ఎనభైల చివర్లో అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో నేనూ నా స్నేహితురాలూ బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాం. మాది మధురానగర్, తనది పంజగుట్ట. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో ఒకే స్టూలు మీద చెరో సగం కూర్చుని, కోర్సు చివరి పనిగా ఒక ఆట రాశాం. మొగుడూ పెళ్ళాలతో మొదలవుతుంది. మీట నొక్కితే ఏడాది గడుస్తుంది. పిల్లలు పుడతారు, పరీక్ష తప్పుతారు, మామ్మకి మోకాళ్ళ నొప్పులొస్తాయి. ఒకసారి వరసగా తొమ్మిదిమంది కొడుకులు పుట్టేసరికి స్టూలు మీంచి పడేదాకా నవ్వాం. సారు బయటికి పంపితే బయటా నవ్వాం.

ఇంట్లో ఎవరున్నారో కంప్యూటర్‌కి ఎలా చెప్పాలో తెలియక మా ఇంటి రేషన్ కార్డు ఎదురుగా పెట్టుకున్నాం. కార్డులోలాగే ఆటలోనూ పుట్టినవాళ్ళ పేరు ఎక్కించాం, పెళ్ళయిన ఆడపిల్ల పేరు కొట్టేశాం. అంతకుమించి ఆలోచిస్తే ఒట్టు.

ఈ కోర్సుతో నా స్నేహితురాలి చదువు ఆపించి పెళ్ళి చేయాలని వాళ్ళ నాన్న అనుకుంటున్నారు. ఆయన్ని తనలాగే నేనూ అబ్బా అనేదాన్ని. తర్వాతి కోర్సులో తను నా పక్కన ఉండదంటే నాకు ఏడుపొచ్చేది.

ఆఖరి రోజు పెద్దవాళ్ళని పిలిచారు. అబ్బా కళ్ళజోడు సర్దుకుని మా ఆట ముందు కూర్చున్నారు. మొదట ఒక్క వేలితో భయంభయంగా నొక్కారు. కాసేపటికి లేవమన్నా లేవరు. ఆటలో కూతురు పుడితే పక్కాయన్ని పిలిచి చూపించారు. దానికి జ్వరమొస్తే కంగారుపడి నీళ్ళు తాగారు. పదో తరగతి పాసైతే మా ఇద్దరికీ శభాష్ అన్నారు. ఇరవయ్యో ఏట దానికి పెళ్ళయింది, పేరు మాయమైంది. మళ్ళీ నొక్కితే కొడుక్కి ఉద్యోగం. ఇంకోసారి నొక్కితే మనవడు. ఆయన నొక్కుతూనే ఉన్నారు.

ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే మనిషి, నాకోసం తెలుగులో అడిగారు. "గా పిల్ల ఏమైంది బేటా?"

నేను తన వైపు చూశాను. పెళ్ళి తర్వాత ఏమవుతుందో మేం రాయలేదని తనే చెప్పింది.

"గట్లెట్ల? పెండ్లయితే బిడ్డ ఖబర్ సుత రాదా? రాయున్రి."

"రాస్తం అబ్బా," అంది తను, ముఖం ఏమాత్రం మారకుండా. "జర కష్టం. దానికి ఇంకో కోర్సు చెయ్యాలె."

ఆ కోర్సు ఎప్పుడు మొదలని ఆయన సారుని అడిగారు. ఆ పిల్ల ఖబర్ రాయడం నాలుగు లైన్ల పనని మా ఇద్దరికీ, సారుకీ తెలుసు.

సోమవారం అన్నారు సారు.