ఆ గెల పొగలో మాగలేదు

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఉందంటారు. నా గొంతులో పడింది వెలక్కాయ కాదు, అరటిగెల. కాలేజీ రోజుల్లో పడింది. పెళ్ళయి, కూతురు పుట్టి, అది బడికి వెళ్తున్నా ఆ గెల అక్కడే ఉంది. ప్రతి సభలోనూ దాని పక్కనుంచే మాటలు బయటికి తెచ్చుకున్నాను. ఎవరికీ అనుమానం రాలేదు. మీకు మొత్తం చెబుతాను. మీరు నన్ను ఎరగరు కనుక సులువు.

మాది రావులపాలెం. నాన్నగారు అరటిపళ్ళ వ్యాపారి. గెలల కింద కార్బైడ్ పొట్లాలు పెట్టి గబగబా రంగు తెప్పించుకునే రోజుల్లో కూడా ఆయన దాని జోలికి పోలేదు. కొట్టు వెనక చిన్న మట్టిగది ఉంది. అందులో గెలలు నిలబెట్టి, కుండలో గడ్డీ కొబ్బరిపీచూ రాజేసి, తలుపు సందులు మట్టితో మెత్తేస్తారు. ఇక గడువు తీరేదాకా ఆ తలుపు ముట్టుకోకూడదు. పొగ పోతే పండు పోయినట్టే.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతుండగా మా కాలేజీలో ఒక పోటీ పెట్టారు. మంచి తిండి గురించి, ప్రకృతి గురించి ఊరూరా తిరిగి చెప్పడానికి ఒక యువ రాయబారి కావాలట. మందు తగలకుండా సొంతంగా మాగబెట్టిన గెల తెచ్చి, దాని గురించి మాట్లాడాలి. అరటిపళ్ళ వ్యాపారి కూతురికి మాగబెట్టడం గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అనుకున్నాను.

నాన్నగారు సరుకు పనిమీద ఒడిశా వెళ్ళారు. పొగ నేనే పెట్టాను. బాగానే పెట్టాను. కానీ రాయబారి అన్నాక నలుగురికీ చూపించాలి కదా! ఫోన్ పట్టుకుని తలుపు తీసి వీడియో తీశాను. వెలుతురు చాలలేదని మళ్ళీ తలుపు తీశాను. నా ముఖం సరిగా పడలేదని ఇంకోసారి. ప్రకృతి పనిని ప్రకృతిని చేసుకోనివ్వాలి అంటూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉపన్యాసం దంచుతుంటే, పొగంతా నా వీపు వెనకనుంచి బయటికి పోయింది. వీడియోకి లైకులు బాగానే వచ్చాయి. గెల మాత్రం కాయగానే ఉండిపోయింది.

పోటీ దగ్గరపడింది. పక్క కొట్టుకి వెళ్ళి, కాలేజీలో చూపించాలని చెప్పి ఒక కార్బైడ్ పొట్లం అడిగి తెచ్చుకున్నాను. చెయ్యి వణికిందా? లేదు. వణికి ఉంటే నా గురించి నాకు కొంచెం మంచి అభిప్రాయం ఉండేది. గెల కింద పెట్టి, గోనె కప్పి, నా ప్రసంగం బట్టీపట్టుకుంటూ కూర్చున్నాను. పోటీ నాటికి గెలంతా ఒకటే పసుపు రంగు.

దుర్గ నా క్లాసే. కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి వచ్చేది. గోదావరిలో చేపలు పట్టుకుని బతికే కుటుంబం. ఆ పదవి తనకెందుకు కావాలో నాకు బాగా తెలుసు. వాళ్ళ రేవులో సన్నకన్ను వలలు వేసి చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తున్నారు. రాయబారి అని పేరుంటే తన మాట వింటారని దాని ఆశ. ఎండుగడ్డిలో కప్పి మాగబెట్టిన గెల తెచ్చింది. పై అత్తాల్లో పళ్ళు మచ్చలు పడి మెత్తబడ్డాయి, కింది అత్తాల్లో పళ్ళు ఇంకా దోరగా ఉన్నాయి. తనంతట తాను పండిన గెల అలాగే ఉంటుంది. ఆ సంగతి న్యాయనిర్ణేతలకి తెలియదు. నాకు తెలుసు.

"ఏంటే, నీ గెలకి ఒక్క మచ్చ కూడా లేదేంటి?" అంది దుర్గ.

"మా నాన్నగారి పొగ అలాంటిదే."

"మా గడ్డికి అంత చేతకాలేదులే" అని నవ్వేసింది.

నాకు శాలువా కప్పారు. ఆ ఫోటోని నాన్నగారు కొట్లో దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ, "మా అమ్మాయి మన పొగగదిలోనే మాగబెట్టిందండి" అని చెప్పుకునేవారు. జీవితంలో ఒక్క పొట్లం ముట్టుకోని మనిషి పేరు మీద అబద్ధం చెప్పాను.

తర్వాత మాత్రం ఒళ్ళు దాచుకోలేదు. బడులకి తిరిగాను, మార్కెట్లో పోట్లాడాను. తొడిమ ఇంకా ఆకుపచ్చగానే ఉందేమో చూడండి, ఒలిచి లోపల చూడండి, రంగుని నమ్మకండి అని పిల్లలకి నేర్పాను. అది ప్రాయశ్చిత్తమా, శాలువా రుచి మరిగి తిరిగానా? రెండూ అయ్యుండొచ్చు. ఏదైతేనేం, పక్క కొట్టాయన పొట్లాలు మానేశాడు. ఇవాళ మా మార్కెట్లో మచ్చలున్న గెల ఏదని అడిగి మరీ కొనుక్కుపోతున్నారు. గర్వంగా ఉంది. ఉండకూడదా? దుర్గ కూడా ఆగలేదు. ఏ బిరుదూ లేకుండానే రేవులో ఆడవాళ్ళని కూడగట్టి ఆ వలలు మాన్పించింది. ఏళ్ళు పట్టింది. ఆ పేరు తనకే దక్కి ఉంటే ఎంత ముందే అయ్యేదో.

మొన్న కొత్త రాయబారి కోసం పోటీ జరిగింది. నేనూ దుర్గా అతిథులం. గెలల్ని పరీక్షించే పని బడిపిల్లలకే అప్పగించాం. ఒక కుర్రాడు నిగనిగలాడే గెల తెచ్చాడు, ఎక్కడా మచ్చ లేదు. పెద్దవాళ్ళందరూ అబ్బా అన్నారు. రెండు జడల పిల్ల ఒకతె పండు ఒలిచి, కొరికి, మొహం చిట్లించి మైకు అందుకుంది.

"పైన పటారం, లోన లొటారం అండి! ఇది కార్బైడ్ గెలండి!"

హాలు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. నా దొంగతనం ఇక ఈ నేల మీద చెల్లదు! నన్ను పట్టుకోగల పిల్లల్ని నేనే తయారుచేశాను. శాలువా కప్పిన రోజు కాదు, ఈ రోజు గెలిచాను.

ఆ కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు. నేను మైకు తీసుకున్నాను.

"కూర్చో బాబూ. అప్పట్లో నేను గెలిచింది కూడా ఇలాంటి గెలతోనే."

 దుర్గ నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ మా గడ్డినే తిట్టుకున్నానే" అంది. సంచీ తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. క్షమించమని వెంటపడలేదు. అదీ ఇంకో శాలువా అడిగినట్టే అవుతుందనిపించింది.

నేరుగా కొట్టుకెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఆయన నా ఫోటో గోడ మీంచి తీసేసి, పొగగది తలుపు సందులకి మట్టి మెత్తుకుంటూ కూర్చున్నారు. ఇవాళ్టికీ నాతో మాట్లాడలేదు.

ఈ మధ్యాహ్నం భోజనం అయ్యాక మచ్చల పండొకటి ఒలుచుకుని తిన్నాను. ఎక్కడా ఆగకుండా గొంతు దిగింది.