మాస్టారి కుర్చీ గోడవైపు

సింహాచలం మాస్టారు నాటకానికి వేషగాళ్లను ఎంచేటప్పుడు వాళ్ల మొహం చూడరు. కుర్చీని గోడవైపు తిప్పుకుని, వచ్చినవాళ్లకు వీపు అప్పగించి, చెవులు మాత్రం వెనక్కి పారేసి కూర్చుంటారు. పద్యం నచ్చితే కుడిచెయ్యి పైకి లేస్తుంది. నచ్చకపోతే అదే చెయ్యి వీపు గోక్కుంటుంది. సంగతి తెలియని సలీమా మొదటిరోజు ఆ వీపుకే వినయంగా నమస్కారం పెట్టింది.

"ఆయనకి కనపడదులే," అంది మాస్టారి భార్య ఆండాళమ్మ. "పెళ్లిచూపుల్లో కూడా ఇదే తంతు. నేనేమో దగ్గాను. ఆయన చెయ్యెత్తేశారు."

బడిపిల్లలకు రంగులు కలపడం నేర్పి నేర్పి రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఇదేం బుద్ధి అని ఎవరైనా అడిగితే, ఆయన జవాబు ఒకటే. "కళ్లు లంచాలు తింటాయి బాబూ. చెవులకి ఆ అలవాటు లేదు."

ఈ పద్ధతి పుణ్యమా అని సముద్రం దాటొచ్చిన మనవాళ్లుండే టోవా పాయో పేటలో తెలుగు నాటకం ఎన్నో వింతలు చూసింది. నాలుగున్నర అడుగుల కొండయ్య చక్రవర్తి అయ్యాడు. సింహాసనం ఎక్కడానికి ఆయనకు బిస్కట్ల డబ్బా వెయ్యాల్సి వచ్చేది. మంత్రి సంగతి మరీ చోద్యం. మొదటి అంతస్తులో ఉండే టాన్ అంకుల్, కింద హార్మోనియం గోల భరించలేక, మెట్లు దిగొచ్చి తన భాషలో దులిపేశాడు. మాస్టారి చెయ్యి జెండాలా లేచింది. "గొంతంటే అదీ! అర్థం సంగతి తర్వాత చూద్దాం!" టాన్ అంకుల్‌కు ఇప్పటికీ నాటకం తెలుగు తప్ప మామూలు తెలుగు రాదు. లిఫ్టులో ఎవరు కలిసినా "ప్రభువులకు జయము జయము" అంటాడు.

అలా సాగిపోతున్న రోజుల్లో, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు గండమన్నారు. గండం గట్టెక్కించడానికి మన కుర్రాళ్లు విమానాల నిండా దిగారు. దిగిన మర్నాడే సంఘం పెట్టారు. అధ్యక్షుడు రామారావు, ఒక పెద్ద కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఉగాదికి పెద్ద హాల్లో 'మల్లికా స్వయంవరం' వేయాలని నిర్ణయించి మాస్టారి దగ్గరికొచ్చాడు. మాస్టారి తాతగారు విశాఖ రేవు నుంచి ఓడలో తెచ్చుకున్న పద్యనాటకం అది.

"మాస్టారూ, మల్లిక వేషం మా మరదలు సరయుకి చోప్ చేసేశాం."

హోటలు బల్లమీద టిష్యూ పాకెట్ పడేసి చోటు ఆపుకోవడాన్ని ఈ ఊళ్లో చోప్ అంటారు.

"పాకెట్ ఎక్కడ పెట్టేవు బాబూ? పిల్ల నెత్తిమీదా?"

"జోకులు కాదండీ. మల్లిక పాలమీగడ రంగులో ఉంటుందని పద్యంలోనే రాశారు. సరయు పర్ఫెక్ట్ మ్యాచ్."

"అదే పద్యంలో ఆవిడ తెల్ల ఏనుగెక్కి వస్తాదని కూడా రాశారు. ఏనుగుని ఎప్పుడు తెస్తావు?"

శనివారం సాయంత్రం బ్లాకు కింద ఖాళీ జాగాలో మాస్టారి కుర్చీ గోడవైపు తిరిగింది. సరయు పద్యం అందుకుంది. నిజానికి పద్యమే ఆమెను అందుకోలేక మధ్యలో దిగిపోయింది. మాస్టారు చాలాసేపు వీపు గోక్కున్నారు.

సలీమా అక్కడికి పోటీకి రాలేదు. ట్రైన్లో పరిచయమైన ఆండాళమ్మ ఆంటీ టీకి రమ్మంటే, భర్త జలీల్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. మిర్యాలగూడలో వాళ్ల నాన్న నాటకాలవాళ్లకు మైకుసెట్లు కట్టేవాడు. తెర వెనక వైర్ల చుట్టల మీద నిద్రపోతూ నేర్చుకున్న పద్యాలు ఆమె గొంతులో ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"నువ్వూ ఒకటి అందుకోవే," అంది ఆండాళమ్మ.

"నేనా? వద్దాంటీ, గింతమంది జూస్తుంటే నాకు గొంతే ఎల్లదు."

"ఆయన చూడరుగా!"

సలీమా ఆ వీపుకేసి చూసింది. వీపుకు కనుబొమలుండవు, ఎగరెయ్యడానికి. మూతి ఉండదు, విరవడానికి. ఇంత తీరుబడిగా తనను చూడకుండా కూర్చున్న మనిషి ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. గొంతు విప్పింది. రాగం చివరికొచ్చేసరికి మాస్టారి రెండు చేతులూ లేచాయి. 

జనం ఆమెను పైనుంచి కిందికి చూశారు. కారునలుపు. పైగా పేరు సలీమా.

"పర్సనల్‌గా నాకేం లేదు మాస్టారూ," అన్నాడు రామారావు. "కానీ మల్లిక అంటే కాస్త బ్రైట్‌గా ఉండాలి కదా."

"మల్లిక ఏటి, ట్యూబులైటా?"

"అది కాదండీ. మన సంప్రదాయ నాటకం... వాళ్లు..."

"వాళ్లంటే?"

"పర్సనల్‌గా నాకేం లేదండీ! ఆడియెన్స్ ఏమంటారో అని."

కిందటి నెలే ఇదే రామారావు, ఇండియన్లకు ఇల్లు అద్దెకివ్వబడదన్న ప్రకటన చూసి ఉడికిపోయి, జాతివివక్ష మీద సంఘానికంతటికీ పొడవాటి ఈమెయిలు కొట్టాడు. మనం అంతే. దేవుడు నలుపైతే నీలం పూసి ఒడ్డెక్కుతాం. మనిషి నలుపైతేనే ఏం పూయాలో తోచక సంప్రదాయాన్ని అడ్డం పెట్టుకుంటాం.

చివరికి రామారావే మధ్యేమార్గం కనిపెట్టాడు. తెర ముందు సరయు నిలబడి పెదాలు కదపాలి, తెర వెనక సలీమా పాడాలి.

"పోనీ తియ్యి సార్, ఎన్కనుంచే పాడ్త," అంది సలీమా. "నాకు అలవాటే." అవును మరి, ఆఫీసులో తప్పు పట్టేది తను, మీటింగులో చూపించేది మేనేజరు.

మాస్టారు కుర్చీని గిర్రున తిప్పి, అందరి ఎదుటా ఆమె మొహంలోకి సూటిగా చూశారు.

"నాకు అలవాటు లేదమ్మా," అన్నారు. తర్వాత రామారావు వైపు తిరిగి, "బాబూ, నీ జనానికి కళ్లతోనే ఇబ్బందైతే హాల్లో కుర్చీలన్నీ గోడవైపు తిప్పించెయ్. పద్యం వినిపిస్తాది, రంగు కనపడదు. అదీ కుదరదంటే నాటకం లేదు, నేనూ లేను."

"బావగారూ, నన్నొదిలెయ్యండి లా!" అని ఈ ఊరి మాట తీరులో 'లా' తగిలించి సరయు చేతులు జోడించింది. "నాకు పద్యమూ వద్దు, మీగడా వద్దు. కావాలంటే ఆ ఏనుగు నేను వేస్తా."

ఉగాదినాడు మేకప్ మనిషి తెల్లరంగు డబ్బా పట్టుకుని సలీమా మీదికి వచ్చాడు. మాస్టారు డబ్బా లాక్కుని మొత్తం ఏనుగుకు పూయించారు. తెర లేచింది. మంత్రి టాన్ అంకుల్ ఖంగుమన్నాడు, "పాలమీగడ మేనిదగు రాకుమారి వేంచేయుచున్నది!" తన సొంత రంగులో సలీమా వేంచేసింది.

హాల్లో గుసగుస. ముందు వరసలో ఎవరో పిల్ల, "మమ్మీ, నాట్ వైట్ లా!" అని గట్టిగానే అంది. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఒక్క క్షణం ఎదురుచూసింది. సలీమాకు తెర వెనక్కి పారిపోదామా అనిపించింది. అక్కడే కదా తను పద్యం నేర్చుకున్నది. కానీ ఆ పద్యాలు పాడిన మనుషులంతా తెర ముందే నిలబడి పాడారు. కళ్లు పైకెత్తి, జనాన్ని చూస్తూనే ఎత్తుకుంది.

మొదటి పాదం వణికింది. రెండోది నిలబడింది. నాలుగో పాదం చివర రాగం సాగుతూ సాగుతూ పైకప్పు తాకి దిగింది. అప్పుడు వినిపించింది, "వన్స్ మోర్!" అరిచింది రామారావు. తర్వాత ఎవరో అడిగితే, "అది పర్సనల్‌గా అరిచాను," అన్నాడు.

నాటకం అయ్యాక సలీమా మాస్టారి దగ్గరికొచ్చింది. "మీరు నా మొహం జూడలే గాబట్టి నాకీ వేషం దొరికింది సాబ్."

ఆండాళమ్మ పకపకా నవ్వింది. "చూడకపోవడమేటే పిచ్చిదానా! ట్రైన్లో నువ్వు కూనిరాగం తీస్తుంటే, 'ఆ పిల్ల ఎదురుగా ఎవరైనా కూచుంటే చాలు ఆపేస్తంది, వెళ్లి తెలుగేనా అడుగు' అని నన్ను తోసింది ఈయనే. టాన్ భార్య పోయి నోరు విప్పడం మానేస్తే, తిట్టడానికైనా కిందికి దిగుతాడని వాడి కిటికీ కిందే రోజూ హార్మోనియం వాయించారు!"

"మరి కుర్చీ ఎందుకు తిప్పుతరు?"

దొరికిపోయిన మాస్టారు చెవులు నులుముకున్నారు. "చూడకుండా ఎంచితే ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారమ్మా. రానివాళ్లని వెతకాలంటే కళ్లుండాలి. తీరా వచ్చేక, వాళ్లు బెదరకుండా పాడాలంటే మనం కాస్త అటు తిరగాలి. అంతే."

"క్యా బాత్ హై సార్!" అన్నాడు మూలన చీరలు సర్దుతున్న జలీల్. ఆ గొంతుకు గోడమీది అద్దం జిల్లుమంది.

మాస్టారు మెల్లగా తలెత్తి అతన్ని ఎగాదిగా చూశారు. "ఏం జలీలూ, చేపల పులుసు తింటావా? ఆదివారం మా ఇంట్లోనే మకాన్, అదే, ఈ ఊరి మాటలో భోజనం."

"ఎందుకు తినను సార్!"

వచ్చే ఏడాది చక్రవర్తి ఎవరో సలీమాకు అర్థమై నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, జలీల్ మాత్రం పులుసులో చింతపండు ఎక్కువేస్తారా, మామిడికాయ వేస్తారా అని ఆండాళమ్మను అడుగుతున్నాడు.